భర్త మంచాన పడితే భార్యకు పద్దు లేదు

గాజువాక దగ్గర లారీ గుద్ది నడుము కింద చచ్చుబడిన మనిషికి విశాఖ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఇస్తుంది. రాత్రికి నాలుగుసార్లు లేచి పుండ్లు పడకుండా అతన్ని పక్కకు తిప్పే భార్యకు మాత్రం ఆ తీర్పులో వేరే పద్దు కనిపించదు. అతను చనిపోయి ఉంటే కనిపించేది.

ఈ తేడా మొన్నటిది కాదు. 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం మరణం జరిగితేనే భార్యాభర్తలకు దావా హక్కు ఇచ్చింది. ఇంగ్లండులో గాయపడిన భార్య తోడు, సేవ పోయాయని భర్త అప్పట్లో దావా వేయగలిగేవాడు. భార్యకు ఆ హక్కు లేదని 1952లో అక్కడి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. 1982లో భర్త హక్కునూ తీసేశారు. మన 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కూడా గాయాల కేసులో గాయపడిన వ్యక్తినే పిటిషనర్‌గా చూస్తుంది. సుప్రీంకోర్టు 2017 ప్రణయ్ సేథి తీర్పు దాంపత్య నష్టానికి, అంటే జీవిత భాగస్వామి తోడు పోయినందుకు, 40,000 రూపాయలు ఖరారు చేసి మూడేళ్లకోసారి 10 శాతం పెంచమంది. అదీ మరణాలకే.

కాబట్టి భార్య శ్రమను భర్త పిటిషన్‌లోనే సహాయకుల ఖర్చుగా నిలబెట్టాలి. 2020 కాజల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఖర్చుకూ మల్టిప్లయర్ కట్టింది, అంటే వయసును బట్టి ఉండే ఒక అంకెతో ఏడాది మొత్తాన్ని గుణించింది. 38 ఏళ్ల వ్యక్తికి అది 15. నెలకు 8,000 చొప్పున లెక్కేస్తే 14,40,000 అవుతుంది. ఇదే పద్దు కింద 50,000 అని గంపగుత్తగా రాసి ఊరుకుంటే కుటుంబం ఎంత పోగొట్టుకుంటుందో చూడండి.

“ఇంట్లోవాళ్లే చూసుకుంటున్నారు, జీతం ఇవ్వట్లేదు కదా” అని బీమా వకీలు అడ్డం తిరుగుతాడు. ఇంట్లోవాళ్ల సేవకూ డబ్బు రూపంలో విలువ కట్టాల్సిందేనని ఢిల్లీ హైకోర్టు 1981లోనే, లలిత కేసులో చెప్పింది. అయితే సాక్ష్యం ఉండాలి. భార్యను తప్పనిసరిగా బోనెక్కించి రోజువారీ పనులు చెప్పించాలి. ఆమె ఉద్యోగం మానేసి ఉంటే పాత జీతం స్లిప్పులు దాఖలు చేయాలి. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో తెచ్చుకున్న సదరం వైకల్య సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. సుప్రీంకోర్టు 2010 రాజ్ కుమార్ తీర్పు ప్రకారం వైకల్యం ఎంతో డాక్టరు వచ్చి చెప్పాలి, అది సంపాదనను ఎంత దెబ్బతీసిందో మొత్తం సాక్ష్యం చూసి ట్రిబ్యునలే తేలుస్తుంది.

భర్త స్పృహలో లేకపోతే భార్య నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే అతని బదులు కేసు నడిపే మనిషిగా, పిటిషన్ వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు ఉంది. అందులో సగం ఆసుపత్రి వార్డులోనే గడిచిపోతుంది కనుక ఎఫ్ఐఆర్ నకలు, బిల్లులు మొదటి వారం నుంచే ఒక ఫైలులో పెట్టుకోవాలి.