క్యాసెట్ కవరు నుంచి కాపీరైట్ క్లెయిమ్ దాకా: పాట రాసినవాళ్ల పేరు ఎక్కడ?

క్యాసెట్ల రోజుల్లో పాట ఎవరు రాశారో తెలుసుకోవడం పెద్ద పని కాదు. డబ్బాలోంచి కవరు లాగి మడత విప్పితే పల్లవి, పక్కనే గాయకుల పేర్లు, రచయిత పేరు చిన్న అక్షరాల్లో కనిపించేవి. వేటూరిదా, సిరివెన్నెలదా అని ఇంట్లో పందెం పడితే తీర్పు చెప్పేది ఆ కవరే. ఎంపీ3లు వచ్చాక కవరు పోయింది. పాటలు సీడీల్లోకి, పెన్‌డ్రైవుల్లోకి, ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపులో వేయించుకున్న చిప్పుల్లోకి ఎక్కాయి. ఒక్క చిప్పులో వందల పాటలు పట్టేవి. ఫైలు మీద మాత్రం రాసినవాళ్ల పేరు ఉండేది కాదు, పైరసీ సైటు పేరు ఉండేది.

డబ్బు సంగతి ఇంకా పాతది. పాటల రచయితలు, స్వరకర్తల కోసం 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ సంస్థ, సినిమా నిర్మాతలతో హక్కుల కోసం కోర్టుకెక్కింది. 1977లో సుప్రీంకోర్టు నిర్మాతల పక్షాన తీర్పిచ్చింది: డబ్బు తీసుకుని సినిమాకు పాట రాసినా, బాణీ కట్టినా, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు నిర్మాతే. ఆయన దాన్ని ఆడియో కంపెనీకి అమ్ముకునేవాడు. పాట ఎన్నేళ్లు మోగినా రాసినాయనకు ముట్టేది మొదట అందిన పారితోషికమే. గాయకుల పరిస్థితి మరీ అన్యాయం. పాడినందుకు వాళ్లకంటూ ఒక హక్కు చట్టంలో చేరిందే 1995లో.

రేడియో కాలంలో ఈ లెక్క ఎవరికీ పెద్దగా పట్టలేదు. కాలర్ ట్యూన్లు వచ్చాక పట్టింది. ఎవరికి ఫోన్ చేసినా అదే పాట ముక్క, నెలనెలా దానికి డబ్బులు. ఆ డబ్బు టెలికాం కంపెనీకి, ఆడియో కంపెనీకి వెళ్లేది. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో అడిగింది ఈ వాటా గురించే. 2012లో కాపీరైట్ చట్టం మారింది. థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప, మరెక్కడ వాడినా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో హక్కు కొన్నవాళ్లతో సమాన వాటా ఉండాలి. దాన్ని వారసులకో, ఐపీఆర్‌ఎస్ లాంటి కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. చట్టం రావడం ఒక ఎత్తు, చేతికి డబ్బు రావడం ఇంకో ఎత్తు అనుకోండి.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది. చిప్పుల దుకాణం మూతపడి పాట యూట్యూబ్‌కి, యాప్‌లకి మారింది. స్పాటిఫై 2019లో మన దేశంలో అడుగుపెట్టింది. సినిమా వాళ్ల అలవాట్లూ మారాయి. ఆల్బమ్ అంతా ఒకేసారి వదిలే ఆడియో ఫంక్షన్ పోయి ఒక్కో సింగిల్, దానికో లిరికల్ వీడియో, చివర్లో ప్రీ రిలీజ్ ఈవెంట్ వచ్చాయి. లిరికల్ వీడియో పుణ్యమా అని రచయిత పేరు మళ్లీ కళ్లబడింది. సాహిత్యం కూడా తెర మీదకు వచ్చింది, ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో! తెలుగు పాటకు ఆ గతేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సినిమాకు బయట జరిగింది ఇంకా పెద్ద మార్పు. తెలంగాణ జానపదానికి యూట్యూబే క్యాసెట్ కంపెనీ అయింది. గాయని మంగ్లీ బతుకమ్మ పాటలతో ఇంటింటికీ చేరి, తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. 2021లో లక్ష్మణ్ రాసి మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ ప్రైవేటు పాటే. ఒక పెళ్లికూతురు దానికి వేసిన డ్యాన్స్ ఫోన్లలో తిరిగాక ఆ పాట లేని బరాత్ లేదు. యూట్యూబ్‌లో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానెల్‌కి వస్తుంది. ఛానెల్‌కి అంటే ఛానెల్ యజమానికి. పాడిన అమ్మాయికి ఎంత అన్నది మళ్లీ ఒప్పందం మీదే. 1977 నాటి ప్రశ్న కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది.

పైగా జానపదానికి రాసినవాళ్లు ఎవరు? 2021లోనే ‘సారంగ దరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు, జానపద రూపాన్ని సేకరించి అంతకుముందే పాడుతున్న గాయని తన మాటేమిటని అడిగారు. టీవీల్లో రోజుల తరబడి చర్చ నడిచింది. అమ్మమ్మ నాట్లేస్తూ పాడిన పాటను మనవరాలు తన ఛానెల్లో పెడితే, అదే పాటను ముందుగా నమోదు చేసుకున్న కంపెనీ నుంచి ఆ పాట తమదేనంటూ కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. అది తీసేయించుకోవడానికి ఆధారం చూపాలి. అమ్మమ్మ పాటకు క్యాసెట్ కవరు కూడా లేదు.