చట్టం ఎవరు రాస్తారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

బిల్లుల ముసాయిదాలు చదివి, వాటిపై అభిప్రాయాలు రాసి పంపడం నా పని. ప్రయోజన వర్గాలు (తమకు అనుకూలమైన విధానాల కోసం ప్రయత్నించే సంఘాలు, కంపెనీలు), చట్టసభ సభ్యులు, అధికారులు కలిసి విధానాలను ఎలా తయారుచేస్తారో రోజూ దగ్గర్నుంచి చూస్తుంటాను. తరచూ వినిపించే కొన్ని అపోహల గురించి చెబుతాను.

అపోహ: సభలో ఓటింగ్ అయిపోతే పాలసీ తయారైనట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. చట్టంలో "తగిన భద్రత", "సహేతుకమైన ఛార్జీలు" అని ఉంటుంది. "తగిన" అంటే ఎంతో తర్వాత అధికారులు రాసే నిబంధనల్లో తేలుతుంది. అమెరికాలో 1946 నాటి చట్టం ప్రకారం చాలా నిబంధనలకు ముందుగా ముసాయిదా ప్రచురించి అభిప్రాయాలు అడగాలి. ఎవరైనా రాయొచ్చు. కానీ వందల పేజీలు చదవడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోగలిగిన వాళ్ల మాటే అక్కడ ఎక్కువగా చేరుతుంది.

అపోహ: లాబీయింగ్ (సభ్యులను, అధికారులను కలిసి తమ వైపు ఒప్పించే ప్రయత్నం) అంటే లంచం.

వాస్తవం: లంచాలూ ఉంటాయి, అవి నేరం. కానీ లాబీయింగ్‌లో ఎక్కువ భాగం సమాచారం అందించడమే. రేపు కమిటీలో మాట్లాడాల్సిన సభ్యుడికి సిబ్బంది తక్కువ, టైం అసలే లేదు. ఒక సంఘం రెండు పేజీల నోట్ తెచ్చి ఇస్తుంది. అందులోని లెక్కలు నిజమే కావచ్చు, కానీ ఏ లెక్క చూపాలో, ఏది వదిలేయాలో ఎంచుకున్నది ఆ సంఘమే. నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. లంచం బయటపడితే కేసు పెట్టొచ్చు, ఒకవైపు లెక్కలే వినిపిస్తే ఏ కేసు పెడతాం?

అపోహ: ప్రయోజన వర్గాలంటే పెద్ద కంపెనీలే.

వాస్తవం: కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, మాజీ సైనికుల సంఘాలు, డాక్టర్ల సంఘాలు కూడా ఆ కోవలోవే.

అపోహ: ప్రయోజన వర్గం, చట్టసభ సభ్యుడు, ప్రభుత్వ శాఖ ఈ ముగ్గురూ ఒక్కటైతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: ఈ బంధాన్ని "ఉక్కు త్రికోణం" అంటారు. వర్గం మద్దతిస్తుంది, సభ్యుడు బడ్జెట్ ఇప్పిస్తాడు, శాఖ అనుకూలమైన నిబంధనలు రాస్తుంది. గట్టి బంధమే, కానీ తెగిన సందర్భాలున్నాయి. అమెరికాలో ఏ విమానం ఏ రూట్లో తిరగాలో, టికెట్ ఎంతుండాలో 1938 నుంచి ఒక ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. నలభై ఏళ్లలో ఒక్క కొత్త పెద్ద ఎయిర్‌లైన్‌ను కూడా రానివ్వలేదు. ఉన్న కంపెనీలకు అది హాయిగా ఉండేది. 1975లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ విచారణలు జరిపి ఒక సాదా పోలిక ముందుపెట్టారు. కాలిఫోర్నియా, టెక్సస్ లోపలే తిరిగే విమానాలు ఆ బోర్డు పరిధిలోకి రావు. అంతే దూరానికి వాటి టికెట్లు చాలా చౌక. ఈ పోలిక ఎవరికైనా అర్థమయ్యేది. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్ 1977లో బోర్డు ఛైర్మన్‌గా వచ్చి లోపలి నుంచే నియంత్రణలు సడలించారు. చాలా కంపెనీలు వ్యతిరేకించినా 1978లో చట్టం వచ్చింది. 1985 మొదలయ్యేసరికి బోర్డే మూతపడింది.

అదే చట్టంలో, చిన్న ఊళ్లకు విమానాలు ఆగిపోకుండా పదేళ్లపాటు సబ్సిడీ ఇవ్వాలని రాశారు. ఆ ఊళ్ల చట్టసభ సభ్యులు దాన్ని వదులుకోలేదు. 1996లో దాన్ని శాశ్వతం చేశారు.