కంట్రోల్-ఆల్ట్-డిలీట్: పాత కంప్యూటర్ల విషయంలో అపోహలు - వాస్తవాలు

కర్నూలులో పాత కంప్యూటర్లు బాగుచేసే వృత్తిలో ఉన్నందువల్ల, మెషిన్ హ్యాంగ్ అయితే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు కీలు కలిపి నొక్కడమే మందు అని నమ్మేవారు నాకు తరచూ ఎదురవుతుంటారు.

అపోహ: ఒకసారి పనిచేయకపోతే మళ్లీ మళ్లీ నొక్కాలి.

వాస్తవం: డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టం) మెషిన్‌లో కీ నొక్కినప్పుడు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్, అంటే 'ఆగి ఇటు చూడు' అనే సంకేతం, అందుతుంది, చేస్తున్న పని ఆపి, నొక్కిన కీ ఏదో చూసే బయాస్ (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే మూల ప్రోగ్రాం) కోడ్‌ను ప్రాసెసర్ నడిపితేనే ఆ మూడు కీల సంగతి దానికి తెలుస్తుంది. ఇంటరప్టులను ఆపేసిన ప్రోగ్రాం ఏదైనా అక్కడే ఇరుక్కుపోతే, వందసార్లు నొక్కినా ఫలితం ఉండదు. ఆదోనిలో ఒక పత్తి మండీలో బిల్లింగ్ ప్రోగ్రాం ఆగిపోయిందంటే వెళ్లాను. "పొద్దన్నుంచి నొక్కుతానే ఉండాను సార్" అన్నాడు గుమాస్తా. నేను నమ్‌లాక్ నొక్కి కీబోర్డు మీది చిన్న పచ్చ లైటు వైపు చూశాను. 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటర్ మొదలుకొని ఆ లైటు కంప్యూటర్ ఆదేశిస్తేనే వెలుగుతుంది, ఆరుతుంది. అది మారలేదు, అంటే లోపల వినే నాథుడు లేడు. రీసెట్ బటన్ నొక్కక తప్పలేదు.

అపోహ: పవర్ ఆపి ఆన్ చేసినా, మూడు కీలు నొక్కినా ఒకటే.

వాస్తవం: మూడు కీలతో రీస్టార్ట్ చేసేటప్పుడు బయాస్ మెమరీలో 1234 అనే హెక్స్ (పదహారు అంకెల లెక్క పద్ధతి) గుర్తును ఉంచుతుంది, మళ్లీ మొదలైనప్పుడు ఆ గుర్తును చూసి మెమరీ పరీక్షను దాటవేస్తుంది. కాబట్టి ర్యామ్ మీద అనుమానం ఉంటే పవర్ ఆపి, కాసేపు ఆగి, తిరిగి ఆన్ చేయాలి. అప్పుడు పాజ్ కీ నొక్కితే తెర అక్కడే నిలుస్తుంది, మెమరీ లెక్కను తీరికగా చదువుకోవచ్చు. పనికిరానిదని అందరూ వదిలేసిన ఆ కీ నాకు ఎంతో అక్కరకొచ్చింది.

అపోహ: ఈ కలయిక విండోస్‌తో వచ్చింది.

వాస్తవం: 1981 నాటి ఐబీఎం పీసీ కోసం ఆ సంస్థ ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ దీన్ని రాశారు. మొదట డిలీట్ స్థానంలో ఎస్కేప్ ఉండేది; ఒక్క ఎడమ చేత్తోనే పొరపాటున నొక్కుకునే ప్రమాదం ఉందని మార్చారు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో లాగిన్‌కు ముందు ఇవే కీలు నొక్కాలి, అక్కడ నొక్కితే రీస్టార్ట్ అవుతుందని భయపడనక్కర్లేదు.

అపోహ: మదర్‌బోర్డు సెల్ తీసి పెడితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: తేదీతోపాటు సెటప్ (మెషిన్ గుర్తుపెట్టుకున్న అమరికలు) కూడా పోతుంది. హార్డ్ డిస్కును తనంతట తాను గుర్తించలేని పాత బోర్డుల్లో డిస్కు కొలతలైన సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు చేత్తో ఎక్కించాలి, లేకుంటే డిస్కు బాగున్నా మెషిన్ లేవదు. సెల్ ముట్టుకునే ముందే ఆ అంకెలు కాగితంపై రాసి క్యాబినెట్ లోపలి వైపు అతికించండి.