చెట్టుకు మేకు కొట్టిన జనరల్

ప్రియమైన పిల్లలూ,

జనరల్ అనగానే మీకు యుద్ధాలు, పతకాలు గుర్తొస్తాయి. సైన్యంలో సమాచార విభాగమని ఒకటుంటుంది. ఒకచోట చెప్పిన మాటను మరోచోటికి చేర్చడమే దాని పని. అమెరికాలో ఆ విభాగానికి 1917 నుంచి 1923 వరకు అధిపతిగా ఉన్న జార్జ్ ఓవెన్ స్క్వయర్ గురించి ఈ ఉత్తరం.

ఆయన 1865లో మిషిగన్ రాష్ట్రంలోని డ్రైడెన్‌లో పుట్టారు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి అధికారి అయ్యారు. ఉద్యోగం చేస్తూనే 1893లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆ కాలపు సైనికుల్లో అది చాలా అరుదు.

బెలూన్లు, విమానాలు మొదట్లో ఈ విభాగం కిందే ఉండేవి. పైనుంచి శత్రువును చూసి కబురు చెప్పడానికి కదా అవి! 1908 సెప్టెంబరు 12న విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఒకరైన ఆర్విల్ రైట్ పక్కన కూర్చుని స్క్వయర్ తొమ్మిది నిమిషాలకు పైగా ఎగిరారు. సరిగ్గా ఐదు రోజులకు అదే విమానం కూలి, అందులో ఉన్న సైనికాధికారి లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయారు.

ఆయన అసలు ఘనత టెలిఫోన్ తీగలో ఉంది. 1910లో ఒకే తీగలోకి ఒకటికి మించిన సంభాషణలు పంపి చూపించారు. ఒక్కో గొంతును ఒక్కో పౌనఃపున్యంలోని, అంటే సెకనుకు ఒక్కో వేగంతో ఊగే, తరంగం మీదికి ఎక్కిస్తారు. అవతలివారు ఏ తరంగాన్ని పట్టుకుంటే ఆ గొంతే వినిపిస్తుంది, మిగతావి అడ్డురావు. టెలిఫోన్ తీగ మీదే మాటలూ ఇంటర్నెట్టూ కలిసి నడిచింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ పేటెంటును ఆయన ప్రజలకు ఇచ్చేశారు. తర్వాత ఓ పెద్ద టెలిఫోన్ కంపెనీ దాన్ని ఉచితంగా వాడుకుంటుంటే కోర్టుకెక్కారు. ప్రజలంటే అందరూ, కంపెనీ కూడా అని కోర్టు తేల్చింది. తీర్పు న్యాయమే, కానీ ఆయన ఉక్రోషం కూడా నాకు అర్థమవుతుంది.

ఇక చెట్ల సంగతి. 1904లో కాలిఫోర్నియాలో నేల బాగా ఎండిపోయి సమాచారం పంపే పరికరాలకు ఎర్తు, అంటే విద్యుత్తు నేలలోకి దిగే దారి, సరిగా అందలేదు. స్క్వయర్ చెట్టుకు మేకు కొట్టించి తీగను దానికి కలిపారు. పనిచేసింది! చెట్టు లోపలి తడి విద్యుత్తుకు దారి ఇస్తుంది మరి. తర్వాత ఎత్తైన చెట్లనే యాంటెనాలుగా వాడి, ఐరోపా నుంచి వచ్చే రేడియో సంకేతాలు అందుకున్నారు. అడవిలో స్తంభం నాటే తీరిక లేని సైనికుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆశీస్సులతో,
మీ తాతయ్య