దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లలు, ఆటలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జబ్బున్న పిల్లలకు విశ్రాంతే మందు.
వాస్తవం: ఆడకపోతే కండబలం, దమ్ము రెండూ తగ్గుతాయి. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది. జబ్బు ముదిరిందేమోనని భయపడి పెద్దలు ఇంకా కూర్చోబెడతారు. 5-17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన (2020) వైకల్యమున్న పిల్లలకూ వర్తిస్తుంది. పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు.

అపోహ: ఉబ్బసం ఉంటే పరుగెత్తకూడదు.
వాస్తవం: పరుగులో వేగంగా పీల్చే పొడిగాలి శ్వాసనాళాల తేమను లాగేస్తుంది, దాంతో అవి బిగుసుకుంటాయి. పిల్లికూతలు తరచుగా ఆట ఆపిన 5-15 నిమిషాలకు ఎక్కువవుతాయి కాబట్టి ఆపగానే ఒంటరిగా పంపేయకండి. పది నిమిషాల వార్మప్ చేయించాలి. డాక్టర్ రాసి ఉంటే ఆటకు 10-15 నిమిషాల ముందు, శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇవ్వాలి. ప్రతిసారీ అది లేనిదే ఆడలేకపోతుంటే, రోజువారీ నివారణ మందు చాలడం లేదనో, పీల్చే పద్ధతి తప్పనో అనుమానించాలి.

అపోహ: టైప్-1 మధుమేహంలో ఆటకు ముందు ఏదైనా తినిపిస్తే చాలు.
వాస్తవం: చాలదు. ముందు షుగర్ చూడాలి. 90 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువుంటే 10-20 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పెరిగాక ఆడనివ్వాలి. 270 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) చూడాలి. రక్తంలో అవి లీటరుకు 1.5 మిల్లీమోల్ లేదా అంతకు మించి ఉంటే ఆట ఆపి వెంటనే డాక్టర్‌ను సంప్రదించాలి. ఆట సాగుతుంటే 30 నిమిషాలకోసారి పరీక్ష. పరుగెత్తబోయే ముందు తొడకు ఇంజెక్షన్ వద్దు, రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఎక్కేస్తుంది. పరుగు పందెంలాంటి వాటిలో అడ్రినలిన్ వల్ల షుగర్ కాసేపు పెరగడమూ ఉంది. కంగారుపడి అదనపు ఇన్సులిన్ ఇస్తే తర్వాత ధడాలున పడిపోతుంది. చాలామంది పట్టించుకోనిది రాత్రి పూట. సాయంత్రం ఆడిన కండరాలు ఖర్చయిన నిల్వలు నింపుకోవడానికి గంటల తరబడి గ్లూకోజ్ లాగుతుంటాయి, దాంతో నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు, అర్ధరాత్రి దాటాక షుగర్ చూడాలి. ఆడిన రోజు బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) ఎంత తగ్గించాలో డాక్టర్‌తో ముందే రాయించుకోండి.

అపోహ: మూర్ఛ ఉంటే ఈత నిషేధం.
వాస్తవం: ఫిట్స్ అదుపులో ఉండి డాక్టర్ సరేనంటే ఈదవచ్చు. అయితే ఆ ఒక్క బిడ్డమీదే కన్నుంచి, అవసరమైతే నీళ్లలోంచి లాగగల పెద్దవారు పక్కనే ఉండాలి. మందు తప్పిన రోజు, నిద్ర చాలని రోజు దిగనివ్వకండి.

అపోహ: గుండె ఆపరేషన్ అయితే ఇక ఆటలు లేనట్టే.
వాస్తవం: చాలామంది ఆడవచ్చు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం మందమయ్యే జబ్బు), లాంగ్ క్యూటీ (గుండె లయ తప్పించే విద్యుత్ లోపం) వంటి సమస్యల్లో మాత్రం కార్డియాలజిస్టు చెప్పిన హద్దు దాటకూడదు. ఏ బిడ్డయినా ఆడుతూ స్పృహ తప్పితే ఎండ దెబ్బని సరిపెట్టుకోకుండా, ఈసీజీ తీయించి డాక్టర్ చూసేదాకా ఆట ఆపేయాలి.