వేట ఊరిది, పర్మిట్ పరాయి చేతిది: బ్రిస్టల్ బే తగువుకు మూలం 1975

అమెరికా రాష్ట్రమైన అలాస్కాలోని బ్రిస్టల్ బే అనే అఖాతంలో సాల్మన్ చేపల వేట పర్మిట్ల తగువు మళ్లీ రేగింది. 2022లో సాకై అనే రకం సాల్మన్ చేపలు దాదాపు 6 కోట్లు పడ్డాయి, అది రికార్డు. ఆ ఏడాది జాలరికి పౌనుకు 1.15 డాలర్లు దక్కిన మూల ధర మరుసటి ఏడాదికి 50 సెంట్లకు పడిపోయింది. అప్పు చేసి పడవలు దించిన కుటుంబాలు కుదేలయ్యాయి. పర్మిట్ అమ్మేద్దామా అన్న మాట ఇళ్లలో మొదలైంది. అమ్మిన పర్మిట్ ఊరికి తిరిగి వస్తుందా అన్నదే అసలు తగువు. కానరీలు (చేపను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు), తెరచాప పడవల కాలం గురించి ఇప్పటికే చాలా రాశారు. ఈ గొడవ తెలియాలంటే 1975 దగ్గర ఆగాలి.

అంతకుముందు చేపలు బాగా తగ్గిపోయాయి. 1973లో బే మొత్తం మీద పడిన సాకై 10 లక్షలు కూడా లేవు. పడవలకు హద్దు పెట్టకపోతే ఎవరికీ ఏమీ మిగలదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. 1972లో రాజ్యాంగాన్ని సవరించుకుని, 1973లో చట్టం చేసి, 1975లో పరిమిత సంఖ్యలో పర్మిట్లు ఇచ్చింది. ఈ వాదనలో నిజం ఉంది. తర్వాత చేప తిరిగి రావడానికి ఇదీ ఒక కారణమే.

తేడా వచ్చింది పర్మిట్ ఎవరికి ఇవ్వాలన్న దగ్గర. ఎన్నేళ్లుగా వేట చేస్తున్నారు, బతుకు దాని మీద ఎంత ఆధారపడింది అని మార్కులు వేశారు. కాగితం మీద ఇది పల్లెలకు అనుకూలమే. కానీ దరఖాస్తు పెట్టాలంటే అంతకుముందే వేట లైసెన్సు సొంత పేరున ఉండాలి. తండ్రి పడవలో కళాసీగా పెరిగిన కొడుకు లెక్కలోకి రాలేదు. స్థానిక భాష యూపిక్ మాట్లాడే ఊళ్లకు ఇంగ్లిషు ఫారాలు, గడువులు వచ్చిపడ్డాయి. అర్హత ఉండీ గడువు దాటించుకున్నవాళ్లు, అసలు దరఖాస్తే పెట్టనివాళ్లు ఎందరో.

అక్కడి వేట ఒక్కరి పని కాదు. ఒడ్డు వల వేసే కుటుంబాన్నే చూడండి. 300 అడుగుల వల ఒక కొసను ఒడ్డున కట్టి, రెండో కొసను నీళ్లలో లంగరుకు బిగిస్తారు. సముద్రం పాటు తీసినప్పుడు అర్ధరాత్రయినా సరే బురదలో దిగి చేపను వల నుంచి విడిపిస్తారు. జూన్ మధ్య నుంచి జులై చివరిదాకా, ముఖ్యంగా జులై మొదటి వారాల్లో నిద్ర ఉండదు. అమ్మమ్మలు ఇంటికోసం ఉంచుకున్న చేపను చీల్చి, ఆరేసి, పొగ పెడతారు. పిల్లలు ముడి వేయడం, గాలి చూడడం అక్కడే నేర్చుకుంటారు. ఇంతమంది చేసే పనికి చట్టం ఒక్క పేరు మీద ఒక్క కాగితం ఇచ్చింది. పొలమైతే నలుగురు బిడ్డలకు నాలుగు చెక్కలు చేయవచ్చు. పర్మిట్‌ను ముక్కలు చేయలేరు. ఒకరికి దక్కితే మిగతా ముగ్గురూ కొనుక్కోవాలి, లేదా ఊరు విడవాలి.

పైగా దాన్ని ఎవరికైనా అమ్మవచ్చు. 1988లో పౌను ధర రెండు డాలర్లు దాటింది, ఆ దరిదాపుల్లోనే పడవ మీంచి వల వేసే పర్మిట్ రెండు లక్షల డాలర్లు దాటింది. ఆసుపత్రి ఖర్చో, పిల్లల చదువో ఉన్న ఇంటికి ఆ డబ్బు చిన్నది కాదు. తర్వాత నార్వే, చిలీల పెంపకం సాల్మన్ బజారు నింపింది. 2002 నాటికి అదే పర్మిట్ 20 వేల డాలర్ల దాకా దిగింది. అప్పుడు అప్పుల వల్ల అమ్మారు. అంటే ధర పెరిగినా, పడినా పర్మిట్ ఊరి నుంచి బయటికే పోయింది. తిరిగి కొనాలంటే కావలసిన బ్యాంకు పరపతి వాషింగ్టన్ రాష్ట్రపు పడవ యజమానికి ఉంది, అక్కడి నుషాగాక్ నది ఒడ్డు కుర్రాడికి లేదు. 1975తో పోలిస్తే స్థానిక పల్లెవాసుల చేతిలోని పర్మిట్లు సగానికి పైగా తగ్గాయి.

వారసత్వం, స్వేచ్ఛగా అమ్మకం రాజ్యాంగానికి విరుద్ధమని ఒక మత్స్యకారుడు కోర్టుకెక్కితే 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే నిలబెట్టింది. ఒక న్యాయమూర్తి విభేదించారు. బయటి నుంచి వచ్చే ఇప్పటి పర్మిట్‌దారులు ఆ తీర్పునే చూపిస్తారు. తామూ తరాలుగా పిల్లాపాపలతో వచ్చి వేట చేస్తున్నామని, పెట్టుబడి విలువ పోతే ఎవరు ఇస్తారని అడుగుతారు.

పల్లెల వైపు నుంచి అడిగేది పెద్ద కోరిక కాదు. కొన్ని పర్మిట్లు అమ్మకానికి వీల్లేకుండా ఊరి ఉమ్మడి చేతిలో ఉండాలి, కొత్తవాళ్లు వాటి మీద వేట నేర్చుకుని నిలదొక్కుకోవాలి. 2017లో ప్రాంతీయ ట్రస్టుల పేరుతో ఇలాంటి బిల్లు రాష్ట్ర రాజధాని జూనోలో శాసనసభ ముందుకు వచ్చి, గట్టెక్కలేదు. బ్రిస్టల్ బే ఎకనమిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ స్థానికులకు పర్మిట్ కొనుక్కోవడానికి అప్పులు ఇస్తోంది. అది మంచిదే. కానీ ఆ అప్పుతో కొన్న పర్మిట్ కూడా చివరికి ఒక్కరి పేరునే ఉంటుంది, రేపు పౌను మళ్లీ 50 సెంట్లకు దిగితే అదీ అమ్మకానికే వస్తుంది.