అర ఎందుకు కుంగుతుంది?

మా ఇంటి పక్కనున్న కారు షెడ్డులో కారు తప్ప అన్నీ ఉండేవి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ పెట్టెలు, అడుగున గడ్డకట్టిన రంగు డబ్బాలు, మూలనపడ్డ ఎయిర్ కూలర్, వైర్ల చుట్టలు, ఏడాదికోసారి దించే బొమ్మల కొలువు మెట్లు నేలంతా ఆక్రమించుకోగా, కారేమో వీధిలో వేపచెట్టు కింద కాకుల పాలైంది. సామానును నేల మీది నుంచి గోడ మీదికి ఎక్కించడమే దీనికి మందని తలచి, పాత టీవీ స్టాండు నుంచి ఊడదీసిన పార్టికల్ బోర్డు పలకను రెండు చివరలా బ్రాకెట్ల మీద ఆనించి, గోడకు ఒక అర చేసి, దాని మీద రంగు డబ్బాలు పేర్చాను. ఆర్నెల్లు తిరిగేసరికి పలక ఉయ్యాలలా వంగింది. ఈ చివర నుంచి ఆ చివరకు నూలుదారం బిగించి స్కేలుతో కొలిస్తే, నడిమధ్యన దారానికీ పలకకూ మధ్య 14 మిల్లీమీటర్ల ఖాళీ తేలింది.

బరువు పెట్టిన పలకలో పైపొరలు నొక్కుకుపోతాయి, కిందిపొరలు సాగుతాయి, నడిమి పొర మాత్రం దాదాపు ఏ శ్రమా లేకుండా ఊరకే ఉంటుంది. అందువల్ల పలక బిగువంతా, అంటే వంగకుండా నిలిచే గుణమంతా, నడిమి పొరకు దూరంగా పైనా కిందా ఎంత చెక్క ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. మందం రెట్టింపయితే బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు బదులు 18 మిల్లీమీటర్లది తెచ్చుకుంటే ఖర్చు కొంతే పెరుగుతుంది గానీ, కుంగడం మూడో వంతుకు పడిపోతుంది. ఆనికల, అంటే పలకను కింద నుంచి మోసే ఆధారాల మధ్య దూరం విషయంలో లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. అర పొడవునా ఒకే తీరున సామాను సర్దినప్పుడు, దూరం రెట్టింపయితే కుంగడం పదహారు రెట్లవుతుంది. 90 సెంటీమీటర్ల దూరాన్ని 60కి తగ్గిస్తే అదే పలక ఐదో వంతు మాత్రమే వంగుతుంది.

పలక దేనితో చేసిందన్నది కూడా చూడవలసిందే. 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక మీద 30 కిలోలు పరిస్తే, మంచి ప్లైవుడ్ అయితే సుమారు 3 మిల్లీమీటర్లు, పార్టికల్ బోర్డు అయితే 8 మిల్లీమీటర్ల దాకా కుంగుతుంది. అదైనా మొదటి రోజు లెక్క. రంపపు పొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డు, బరువు కింద నెలల తరబడి మెల్లమెల్లగా కుంగుతూనే ఉంటుంది, పైగా వానాకాలపు చెమ్మకు ఉబ్బి ఉన్న బిగువును కూడా పోగొట్టుకుంటుంది. నా 14 మిల్లీమీటర్ల రహస్యం అక్కడే ఉంది.

అయితే మందపాటి పలక కొనడం కంటే చవకైన ఉపాయం ఒకటుంది. ఐదు సెంటీమీటర్ల వెడల్పు, పలకంత మందం ఉన్న బద్దను పలక ముందంచుకు నిలువుగా బిగించాలి. లెక్క కట్టి చూస్తే నమ్మబుద్ధి కాదు: అదే రకం చెక్కతో చేసినదైతే, నిలబెట్టిన ఆ ఒక్క బద్ద బిగువు, పడుకోబెట్టిన 30 సెంటీమీటర్ల పలక మొత్తం బిగువు కంటే ఎక్కువ. బద్దలోని చెక్క పలకలో ఆరో వంతే. స్కేలును వెడల్పుగా పట్టుకుంటే వంగి, అంచు మీద నిలబెడితే మొరాయించడానికి కారణమూ ఇదే. ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో చర్చించాడు. అంచు మీద నిలిచిన దూలం విరగకుండా తట్టుకునే బలం దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని సరిగ్గానే గ్రహించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి నిజంగా బుద్ధి ఉంటే, లెక్కతో ఆగిపోకుండా పెంకుటింటి దూలం ఎప్పుడూ అంచు మీదే ఎందుకు నిలబడి ఉంటుందో కూడా అడిగి ఉండేవాడు.

అదే గ్రంథంలోని మరో కథ మన వంటిళ్లకు నేరుగా వర్తిస్తుంది. రెండు చివరలా ఆనించి పడుకోబెట్టిన పాలరాతి స్తంభం మధ్యలో విరుగుతుందేమోనని, నడుమ మూడో ఆనిక పెట్టారట. కొన్ని నెలలకు ఒక చివరి ఆనిక పుచ్చి దిగబడింది, స్తంభం సరిగ్గా ఆ కొత్త ఆనిక మీదే పగిలింది. రాయి నొక్కుడుకు గట్టిది, సాగుడుకు బలహీనం. చెక్కలా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా ఫట్టుమంటుంది. కడప బండ అరల కింద మధ్యలో ఇటుక దోపి ధీమాగా ఉండేవారు, ఆ ఇటుక చివరి ఆనికల కంటే పిసరంత ఎత్తున్నా బండ దాని మీద తలకిందులుగా వంగజూస్తుందని గుర్తుంచుకోవాలి.

ఆనికలు ఎక్కడుండాలన్న దానికి తూనికలు కొలతల శాస్త్రం చక్కని జవాబు చెప్పింది. ఒకప్పుడు ప్రపంచానికి మీటరు ప్రమాణంగా ఉన్న ప్లాటినం-ఇరిడియం కడ్డీ సైతం తన బరువుకు తానే పిసరు కుంగేది. అందుకే 1927 నాటి నిర్వచనంలో ఆ కడ్డీని 571 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రోలర్ల మీద ఆనించాలని రాసుకున్నారు. రెండు చివరలూ బయటికి వేలాడితే, వాటి బరువు నడుమును పైకెత్తుతుంది. మన 90 సెంటీమీటర్ల పలకకు బ్రాకెట్లను చివరల్లో కాక, ఒక్కో చివర నుంచి 20 సెంటీమీటర్లు లోపలికి జరిపి బిగిస్తే, సామాను సమంగా సర్దినప్పుడు కుంగడం నలభయ్యో వంతు కంటే తగ్గిపోతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. నేను మొదటిసారి బ్రాకెట్లను చివరల్లో బిగించింది మాత్రం కంటికి అందంగా ఉంటుందనే.

కిరాణా కొట్లలోనూ ఆఫీసు రికార్డు గదుల్లోనూ కనిపించే చిల్లుల ఇనుప యాంగిళ్లలో పనిచేసేదీ నిలువు బద్ద సూత్రమే. ఆస్ట్రేలియాలో పుట్టి లండన్‌లో అచ్చాఫీసు నడిపిన డెమెట్రియస్ కొమినో, విప్పి మళ్లీ బిగించుకోగల ర్యాకుల కోసం ఈ స్లాటెడ్ యాంగిల్‌ను రూపొందించి 1947లో బజారులోకి తెచ్చాడు. పల్చని ఇనుప పట్టీ చదునుగా ఉంటే చేత్తో వంచవచ్చు, దాన్నే పొడవునా లంబకోణంలో మడిస్తే ఎటు వంచబోయినా ఒక రెక్క అడ్డం నిలబడుతుంది. అయినా నాలుగు నట్లు బిగించిన దీర్ఘచతురస్రం పక్కకు తోస్తే వాలిపోతుంది, త్రిభుజం వాలదు. మూలల్లో బిగించే ఆ చిన్న త్రికోణపు రేకులను దండగ ఖర్చనుకుని మానేసిన ర్యాకు ఏనాటికైనా ఊగక మానదు.

గోడ బ్రాకెట్లలో చూడవలసింది నిలువు కాలి పొడవు. 30 సెంటీమీటర్ల వెడల్పు అర మీది 30 కిలోల భారం గోడకు 15 సెంటీమీటర్ల దూరాన ఉన్నట్టు లెక్క. పై స్క్రూలకూ బ్రాకెట్ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లుంటే, ఆ స్క్రూలను గోడలోంచి పెరికే లాగుడు మొత్తం 22.5 కిలోల బరువుతో సమానం. 10 సెంటీమీటర్లే ఉంటే 45 కిలోలు. స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దించే రావల్ ప్లగ్ ఇటుకలో దిగకుండా సిమెంటు పూతలోనే ఆగిపోయిన చోట, ఆ తేడాకే బ్రాకెట్ పెచ్చుతో సహా ఊడి చేతికొస్తుంది.

ఇప్పుడు మా షెడ్డులో టైల్స్ పెట్టెలు, ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద గాలి ఆడే చోటనే ఉన్నాయి, రంగు డబ్బాలు మోకాలి ఎత్తు అరలోకి, కొలువు మెట్లు అన్నిటికంటే పైకి చేరాయి. ర్యాకు పైభాగాన్ని రెండు చోట్ల గోడకు బిగించాను, ఎందుకంటే కింది అర ఖాళీ చేసిన రోజున పైబరువుతో ర్యాకు ముందుకు తూలే ప్రమాదం ఉంది, పిల్లలు అరలను నిచ్చెన మెట్లనుకుని ఎక్కే ప్రమాదమైతే రోజూ ఉంది.